టేబుల్ రెండో పేజీకి వెళితే: వరుసలు తెగకుండా, హెడింగ్ పోకుండా, స్టైల్ చెదరకుండా

రంజాన్ దగ్గరపడుతుంటే ప్రతి మొహల్లాలోనూ ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చుని సహరీ, ఇఫ్తార్ టైంటేబుల్ తయారుచేస్తారు. 30 వరుసలు, నాలుగైదు కాలమ్‌లు. స్క్రీన్ మీద చూస్తే అంతా బాగానే ఉంటుంది. ప్రింటు తీశాక అసలు సంగతి బయటపడుతుంది. తారీఖు గడిలో పైన హిజ్రీ, కింద ఇంగ్లీషు తారీఖు అని రెండు లైన్లు పెట్టారనుకోండి, సరిగ్గా పేజీ అంచున ఉన్న వరుస రెండుగా తెగుతుంది. హిజ్రీ తారీఖు, దాని టైములు మొదటి పేజీ అడుగున ఉండిపోతాయి. ఇంగ్లీషు తారీఖు ఒక్కటే రెండో పేజీ పైకి ఎక్కుతుంది. దాని పక్కన గడులన్నీ ఖాళీ. రెండో కాగితం మాత్రమే ఫ్రిజ్ మీద అంటించుకున్న ఇంట్లో వాళ్లు ఆ తారీఖుకి కింది వరుసలోని టైము చదివేసుకుంటారు. పైగా రెండో కాగితం మీద కాలమ్ పేర్లు ఉండవు. సహరీ ముగిసే టైము ఏదో, ఫజ్ర్ అజాన్ టైము ఏదో అందాజుగా పోల్చుకోవాల్సిందే. ఒక్క నిమిషం తేడా అయినా రోజా విషయంలో చిన్నది కాదు.

రేషన్ కిట్ల పంపిణీ లిస్టు, మస్జిద్ కమిటీ సాలుసరి లెక్కలు, మదరసా మార్కుల షీటు, పెళ్లి పిలుపుల జాబితా, అన్నిటికీ ఇదే తిప్పలు. పేరు ఒక కాగితం మీద, మొత్తం ఇంకో కాగితం మీద పడితే ఒకరికి రెండుసార్లు ఇచ్చేయడమో, ఒకరిని వదిలేయడమో జరుగుతుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో, లిబ్రే ఆఫీస్ రైటర్‌లో, గూగుల్ డాక్స్‌లో దీన్ని అదుపు చేసే మీటలు ఉన్నాయి. అయితే అవి కంటికి ఎదురుగా ఉండవు, రెండు మూడు మెనూల లోపల దాక్కుని ఉంటాయి.

పేజీ ఎక్కడ తెగుతుందో ఎవరు నిర్ణయిస్తారు

వర్డ్ ఫైల్లో పేజీలు విడివిడిగా దాచి ఉండవు. అక్షరాలు, పేరాలు, టేబుళ్లు ఒక ప్రవాహంలా ఉంటాయి. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఆ కంప్యూటర్లో ఉన్న ఫాంట్‌ను, కాగితం సైజును, మార్జిన్లను బట్టి ఎక్కడ కోయాలో సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు లెక్కేసుకుంటుంది. అందుకే ఇంట్లో ఒక్క పేజీలో సరిపోయిన టేబుల్ జిరాక్స్ షాపులో రెండు పేజీలవుతుంది. అక్కడి కంప్యూటర్లో ఆ తెలుగు ఫాంట్ లేకపోతే వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది. దాని లైను ఎత్తు అర మిల్లీమీటరు ఎక్కువైనా, 30 వరుసలకు కలిపి ఒకటిన్నర సెంటీమీటర్ తేడా.

టేబుల్ వరకు చూస్తే సాఫ్ట్‌వేర్ చూసుకునేవి మూడు. వరుసను మధ్యలో కోయవచ్చా? ఈ వరుసను తర్వాతి వరుసతో కలిపి ఉంచాలా? పైన ఉన్న హెడింగ్ వరుసను ప్రతి పేజీలోనూ మళ్లీ వేయాలా? మనం ఏమీ చెప్పకపోతే మొదటిదానికి అవునని, మిగతా రెండిటికీ కాదని అది అనుకుంటుంది. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

వరుస తెగకుండా

వర్డ్‌లో టేబుల్ ఎడమ పైమూలన నాలుగు బాణాల గుర్తు కనిపిస్తుంది. దాని మీద క్లిక్ చేస్తే టేబుల్ మొత్తం సెలెక్ట్ అవుతుంది. రైట్ క్లిక్ చేసి ‘టేబుల్ ప్రాపర్టీస్’ తెరవండి. అందులో ‘రో’ అనే ట్యాబ్‌లో ‘అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్’ అని ఒక టిక్ ఉంటుంది. దాన్ని తీసేయండి. ఇక ఏ వరుసా మధ్యలో తెగదు. పట్టకపోతే వరుస మొత్తంగా తర్వాతి పేజీకి దిగుతుంది. ఒక వరుసలో కర్సర్ పెట్టి చేస్తే ఆ ఒక్క వరుసకే వర్తిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడి, ‘చేశాం కానీ పనిచేయలేదు’ అంటారు. ముందు టేబుల్ మొత్తం సెలెక్ట్ చేయడం తప్పనిసరి.

రైటర్‌లో ‘టేబుల్’ మెనూలో ‘ప్రాపర్టీస్’, అందులో ‘టెక్స్ట్ ఫ్లో’ ట్యాబ్. అక్కడ ‘అలౌ రో టు బ్రేక్ అక్రాస్ పేజెస్ అండ్ కాలమ్స్’ టిక్ తీయాలి. దాని పైనే టేబుల్ మొత్తానికి సంబంధించిన ఇంకో టిక్ ఉంటుంది, ‘అలౌ టేబుల్ టు స్ప్లిట్’ అని. అది తీస్తే టేబుల్ మొత్తాన్ని ఒకే పేజీలో ఉంచమని చెప్పినట్టు. ఒక పేజీలో పట్టే చిన్న టేబుల్ అయితేనే దాన్ని తీయండి, 60 పేర్ల లిస్టుకి వద్దు. గూగుల్ డాక్స్‌లో టేబుల్ మీద రైట్ క్లిక్ చేసి ‘టేబుల్ ప్రాపర్టీస్’, అందులో ‘రో’ కింద ‘అలౌ రో టు ఓవర్‌ఫ్లో అక్రాస్ పేజెస్’ అన్నదాని టిక్ తీస్తే సరి.

ఒకే గడిలో పది పదిహేను లైన్ల రాత ఉన్న టేబుళ్లు కూడా ఉంటాయి, మీటింగ్ మినిట్స్ లాంటివి. వాటికి ఈ టిక్ తీస్తే పేజీ అడుగున సగం ఖాళీగా మిగిలిపోతుంది. అక్కడ వరుస తెగనివ్వడమే మేలు, లేదంటే ఒక్కో విషయాన్ని ఒక్కో వరుసగా విడగొట్టాలి.

హెడింగ్ వరుస ప్రతి పేజీలోనూ

మొదటి వరుసలో కర్సర్ పెట్టండి. పైన టేబుల్ ‘లేఅవుట్’ ట్యాబ్‌లో కుడివైపు ‘రిపీట్ హెడర్ రోస్’ బటన్ ఉంటుంది, దాన్ని నొక్కండి. హెడింగ్ రెండు వరుసల్లో ఉంటే, అంటే పైన మస్జిద్ పేరు, కింద కాలమ్ పేర్లు ఉంటే, ఆ రెండు వరుసలూ సెలెక్ట్ చేసి నొక్కాలి. సెలెక్షన్‌లో మొదటి వరుస తప్పకుండా ఉండాలి. రెండో వరుస ఒక్కదాన్నే రిపీట్ చేయమంటే వర్డ్ వినదు. రైటర్‌లో అదే ‘టెక్స్ట్ ఫ్లో’ ట్యాబ్‌లో ‘రిపీట్ హెడింగ్’ టిక్ పెట్టి, పైనుంచి ఎన్ని వరుసలో అంకె వేయాలి. గూగుల్ డాక్స్‌లో హెడింగ్ వరుస మీద రైట్ క్లిక్ చేసి ‘పిన్ హెడర్’ ఎంచుకుంటే చాలు.

రెండో పేజీలో కనిపించే హెడింగ్ మొదటిదాని నీడ మాత్రమే. దాని మీద క్లిక్ చేసి మార్చడానికి వీలుండదు. మొదటి పేజీలో మారిస్తే అన్ని పేజీల్లోనూ మారుతుంది. వర్డ్‌లో ఇది ‘ప్రింట్ లేఅవుట్’ వ్యూలోనే కనిపిస్తుంది. వేరే వ్యూలో ఉండి, రాలేదని కంగారుపడాల్సిన పనిలేదు.

బటన్ నొక్కినా హెడింగ్ రాకపోతే కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి. మొదటిది, టేబుల్ తేలుతూ ఉండడం. ‘టేబుల్ ప్రాపర్టీస్’లో ‘టెక్స్ట్ ర్యాపింగ్’ అనే చోట ‘అరౌండ్’ ఉంటే హెడింగ్ రిపీట్ కాదు. మౌస్‌తో టేబుల్‌ను అటూ ఇటూ జరిపినప్పుడు వర్డ్ తనంతట తానే ‘అరౌండ్’లోకి మారిపోతుంటుంది. దాన్ని ‘నన్’ చేయండి. రెండోది, టేబుల్ మధ్యలో కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కి పేజీ బ్రేక్ పెట్టడం. ఇది మన దగ్గర అందరికీ అలవాటైన షార్ట్‌కట్. కానీ టేబుల్ లోపల అది చేసే పని వేరు. టేబుల్‌ను అక్కడ రెండు ముక్కలు చేసి మధ్యలో పేజీ బ్రేక్ పెడుతుంది. కింది ముక్క ఇక వేరే టేబులే. దానికి హెడింగ్ రాదు, కాలమ్ వెడల్పులు కూడా పై ముక్కతో కలిసి మారవు.

ఫలానా వరుస నుంచి కొత్త పేజీ మొదలు కావాలంటే దానికి వేరే దారి ఉంది. ఆ వరుస మొదటి గడిలో కర్సర్ పెట్టి, ‘పేరాగ్రాఫ్’ డైలాగ్ తెరిచి, ‘లైన్ అండ్ పేజ్ బ్రేక్స్’ ట్యాబ్‌లో ‘పేజ్ బ్రేక్ బిఫోర్’ టిక్ పెట్టండి. టేబుల్ ఒకటిగానే ఉంటుంది, వరుస కొత్త పేజీకి వెళుతుంది, పైన హెడింగ్ కూడా వస్తుంది. కంట్రోల్ ఎంటర్ కన్నా నాలుగు క్లిక్‌లు ఎక్కువ, కానీ తర్వాత పడే అవస్థ ఉండదు.

ఎంటర్ మీద ఎంటర్ కొట్టి వరుసను కిందికి తోసే పద్ధతి ఇంకా చాలా చోట్ల నడుస్తోంది. పైన ఒక్క వరుస కలిపినా, తీసినా ఆ ఖాళీ లైన్లన్నీ టేబుల్ మధ్యలో గుంటలా కనిపిస్తాయి. దాన్ని మానేయడమే మంచిది.

కొన్ని వరుసలు విడిపోకూడదు

టైంటేబుల్‌ను మూడు అష్రాలుగా విడగొట్టి, ఒక్కో అష్రా మొదట్లో ‘రెండవ అష్రా’, ‘మూడవ అష్రా’ అని ఒక పెద్ద గడి వరుస పెట్టడం ఆనవాయితీ. ఆ వరుస పేజీ అడుగున ఒంటరిగా మిగిలి, దాని కింది రోజాలు తర్వాతి పేజీలో మొదలైతే చూడ్డానికి బాగుండదు, చదవడానికీ ఇబ్బందే. అష్రా వరుసను సెలెక్ట్ చేసి ‘పేరాగ్రాఫ్’ డైలాగ్‌లో ‘కీప్ విత్ నెక్స్ట్’ టిక్ పెట్టండి. ఆ వరుస తన కింది వరుసను వదిలి ఉండదు. పేజీలో చోటు లేకపోతే రెండూ కలిసే దిగుతాయి.

లెక్కల షీటులో ఇదే పని కిందినుంచి చేయాలి. ‘మొత్తం’ వరుస ఒక్కటే కొత్త కాగితం మీద పడితే, ఆ కాగితం మారినా ఎవరికీ తెలియదు. జనరల్ బాడీ మీటింగులో లెక్క చూపించే కోశాధికారికి అది అనవసరమైన అనుమానం తెచ్చిపెడుతుంది. మొత్తానికి పైనున్న రెండు మూడు వరుసలకు ‘కీప్ విత్ నెక్స్ట్’ పెడితే అవి, మొత్తం, సంతకాల వరుస అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. మొత్తం వరుసకు కూడా పెట్టడం మరవకండి, లేకపోతే సంతకాలు విడిపోతాయి.

చిన్న టేబుల్ అసలు తెగకూడదంటే చివరి వరుస తప్ప మిగతా వరుసలన్నీ సెలెక్ట్ చేసి ఇదే టిక్ పెట్టాలి. చివరి వరుసకు ఎందుకు వద్దంటే, దానికీ పెడితే టేబుల్ కింద ఉన్న పేరాను కూడా లాక్కుపోతుంది. టేబుల్ ఒక పేజీ కన్నా పెద్దదైతే ఈ టిక్ పనిచేయదు, ఎక్కడో ఒకచోట తెగక తప్పదు.

సాలుసరి లెక్కలు వర్డ్‌లోనే చేసేవాళ్లు కూడిక గురించి ఒకటి గుర్తుంచుకోవాలి. టేబుల్ లేఅవుట్‌లోని ‘ఫార్ములా’ బటన్‌తో పై గడులన్నీ కూడే ‘సమ్ అబవ్’ పెట్టవచ్చు. కానీ పైన ఒక అంకె మార్చితే మొత్తం దానంతట అది మారదు. మొత్తం మీద క్లిక్ చేసి ఎఫ్9 కీ నొక్కాలి. కాలమ్ హెడింగ్‌లో ‘2025’ అని సంవత్సరం ఒక్కటే రాసి ఉంటే దాన్ని కూడా అంకెగా కూడేసే ప్రమాదం ఉంది. మధ్యలో గడి ఖాళీగా వదిలితే కూడిక అక్కడితో ఆగిపోవచ్చు కాబట్టి ఖాళీ గడిలో సున్నా వేయాలి. డబ్బు లెక్క అయితే ప్రింటుకి ముందు ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తో ఒకసారి సరిచూడడం తప్పు కాదు.

ఒక్క పేజీలో పట్టించాలంటే ముందు లెక్క

టైంటేబుల్ ఒకే కాగితం మీద రావాలన్నది అందరి కోరిక. అందాజుగా ఫాంటు తగ్గిస్తూ పోయే బదులు ఒక్క నిమిషం లెక్క వేసుకుంటే దారి కనిపిస్తుంది. ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు. వర్డ్ మామూలుగా పైన, కింద 2.54 సెంటీమీటర్ల చొప్పున మార్జిన్ వదులుతుంది. మిగిలేది 24.62. పైన మస్జిద్ పేరు, సంవత్సరం రాయడానికి 2 సెంటీమీటర్లు తీస్తే 22.62. 30 రోజాలు, మూడు అష్రా వరుసలు, ఒక హెడింగ్ వరుస, వెరసి 34. ఒక్కో వరుసకు వచ్చేది సుమారు 0.66 సెంటీమీటర్. ‘లేఅవుట్’ ట్యాబ్‌లో మార్జిన్ ‘న్యారో’ ఎంచుకుంటే పైన, కింద 1.27 అవుతుంది, అప్పుడు వరుసకు 0.74 వస్తుంది.

12 పాయింట్ల అక్షరం అంటే 0.42 సెంటీమీటర్. లైను ఎత్తు దానికన్నా కొంచెం ఎక్కువ. అంటే ఒక గడిలో ఒక లైను పడుతుంది, రెండు లైన్లు పట్టవు. ఇక్కడే మొదట చెప్పిన తారీఖుల గోల తేలిపోతుంది. హిజ్రీ, ఇంగ్లీషు తారీఖులు ఒకే గడిలో పైనా కిందా పెడితే ఏం చేసినా ఒక్క పేజీలో రాదు. వాటిని రెండు కాలమ్‌లుగా పక్కపక్కన పెట్టాలి.

ఇంత జాగ్రత్తగా వేసినా టేబుల్ లావైపోతే, పేరా కింది ఖాళీని చూడండి. వర్డ్‌లో మామూలు ‘నార్మల్’ స్టైల్‌కు ప్రతి పేరా తర్వాత 8 పాయింట్ల ఖాళీ ఉంటుంది. కొత్తగా టేబుల్ వేస్తే దాని స్టైల్ ఆ ఖాళీని తీసేస్తుంది. కానీ వేరే ఫైలు నుంచి కాపీ చేసి అతికించినప్పుడు అది గడుల్లోకి వచ్చేస్తుంటుంది. 34 వరుసలకు 8 పాయింట్ల చొప్పున 272 పాయింట్లు, అంటే దాదాపు 9.6 సెంటీమీటర్లు. పేజీలో మూడో వంతు గాలికే పోతుందన్నమాట. టేబుల్ మొత్తం సెలెక్ట్ చేసి ‘పేరాగ్రాఫ్’లో ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ రెండూ సున్నా చేసి, లైన్ స్పేసింగ్ ‘సింగిల్’ పెట్టండి.

ఇంకో చిక్కు ఉంది. టేబుల్ సరిగ్గా పేజీ నిండా వచ్చాక, వెనకాల ఒక ఖాళీ పేజీ ప్రింటవుతుంది. టేబుల్ తర్వాత వర్డ్ ఎప్పుడూ ఒక ఖాళీ పేరా ఉంచుతుంది, అది డిలీట్ కాదు. దాని మీద కర్సర్ పెట్టి ఫాంట్ సైజు 1 చేసి, లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ 1 పాయింట్ పెట్టి, ముందూ వెనకా ఖాళీ సున్నా చేస్తే అది పై పేజీలోనే ఇమిడిపోతుంది.

తెలుగు వత్తులు, ఉర్దూ నస్తాలిక్

వరుస ఎత్తు పెట్టేటప్పుడు ‘టేబుల్ ప్రాపర్టీస్’లో ‘ఎట్ లీస్ట్’, ‘ఎగ్జాక్ట్‌లీ’ అని రెండు ఎంపికలుంటాయి. ఇంగ్లీషులో రెండూ నడుస్తాయి. తెలుగుకు, ఉర్దూకు మాత్రం ‘ఎట్ లీస్ట్’ ఒక్కటే మేలు. ‘ఎగ్జాక్ట్‌లీ’ పెడితే పట్టని రాతను సాఫ్ట్‌వేర్ చూపించకుండా కోసేస్తుంది. తెలుగులో కింది వత్తులు పోతాయి, ‘శుక్రవారం’లో క్రావడి కనిపించదు. నస్తాలిక్ అయితే మరీ ఘోరం. ఆ లిపిలో పదం కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి ఏటవాలుగా దిగుతుంది. అదే సైజు తెలుగు అక్షరం కన్నా దానికి ఎక్కువ ఎత్తు కావాలి. జమీల్ నూరీ నస్తాలిక్ అయినా, నోటో నస్తాలిక్ ఉర్దూ అయినా ఇంతే. తెలుగు, ఉర్దూ రెండూ ఒకే టేబుల్లో ఉంటే వరుస ఎత్తును ఉర్దూ గడే నిర్ణయిస్తుంది. ఒక్క పేజీలో పట్టించాలంటే రెండు భాషలకు రెండు టేబుళ్లు, కాగితానికి చెరోవైపు వేయడం తేలిక.

వత్తులు గీతకు తగలకుండా గడి లోపల పైన, కింద కాస్త చోటు వదలాలి. వర్డ్ మామూలుగా ఎడమ, కుడి 0.19 సెంటీమీటర్ వదిలి, పైన కింద సున్నా ఉంచుతుంది. ‘టేబుల్ ప్రాపర్టీస్’లో ‘ఆప్షన్స్’ నొక్కి పైన కింద 0.05 పెడితే చాలు, టేబుల్ పెద్దగా పెరగదు. అక్కడే ‘ఆటోమేటికల్లీ రీసైజ్ టు ఫిట్ కంటెంట్స్’ టిక్ కూడా తీసేయండి. లేకపోతే ఒక పొడుగు పేరు టైపు చేయగానే ఆ కాలమ్ ఉబ్బి, పక్క కాలమ్‌లు నలిగి, వాటిలోని రాత రెండు లైన్లకు దిగుతుంది. ఎత్తు లెక్క మొత్తం తారుమారు.

ఉర్దూ టేబుల్లో మొదటి కాలమ్ కుడివైపు రావాలి. ‘టేబుల్ ప్రాపర్టీస్’ మొదటి ట్యాబ్‌లో ‘టేబుల్ డైరెక్షన్’ అనేది ‘రైట్ టు లెఫ్ట్’ చేయాలి. ఆ ఎంపిక కనిపించకపోతే వర్డ్ ఆప్షన్స్‌లోని ‘లాంగ్వేజ్’లో ఉర్దూను చేర్చాలి. గడుల్లోని పేరాలకు కూడా కుడినుంచి ఎడమకు దిశ ఇవ్వాలి, టేబుల్ దిశ ఒక్కటి మార్చితే సరిపోదు.

ఉర్దూ గడిలో రెండు టైములను మధ్యలో గీత పెట్టి ఎప్పుడూ రాయకండి. 5:12 నుంచి 6:40 వరకు అన్నది గీతతో రాస్తే, కుడినుంచి ఎడమకు నడిచే పేరాలో 5:12 కుడివైపు, 6:40 ఎడమవైపు పడవచ్చు. ఉర్దూ చదివేవాళ్లకు అది సరైనదే. తెలుగు, ఇంగ్లీషు అలవాటున్న కంటికి అదే కాగితం తలకిందులుగా కనిపిస్తుంది. మొదలయ్యే టైముకు ఒక కాలమ్, ముగిసే టైముకు ఇంకో కాలమ్ పెట్టేస్తే ఎవరికీ తికమక ఉండదు.

ఇన్‌పేజ్‌లోనో, అను ఫాంట్లతోనో చేసిన పాత ఫైళ్ల రాతను నేరుగా వర్డ్‌లో అతికిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. అవి యూనికోడ్ కానివి కావచ్చు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని తర్వాతే టేబుల్లో పెట్టాలి.

స్టైల్: రంగులు వేయడం ఒకటే కాదు

హెడింగ్‌కు బోల్డ్, ఒక వరుస వదిలి ఒక వరుసకు బూడిద రంగు, ఇవన్నీ చేత్తో పెడితే ఆ రోజుకు బాగానే ఉంటుంది. మధ్యలో ఒక పేరు కలిపితే రెండు బూడిద వరుసలు పక్కపక్కన వస్తాయి. అక్కడినుంచి చివరిదాకా మళ్లీ రంగులు వేసుకుంటూ పోవాలి. టేబుల్ స్టైల్ వాడితే ఆ లెక్క సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

వర్డ్‌లో టేబుల్ మీద క్లిక్ చేస్తే ‘టేబుల్ డిజైన్’ ట్యాబ్ వస్తుంది. ఎడమవైపు ‘హెడర్ రో’, ‘టోటల్ రో’, ‘బ్యాండెడ్ రోస్’, ‘ఫస్ట్ కాలమ్’ వగైరా టిక్‌లుంటాయి. వీటిలో ‘హెడర్ రో’ను చూసి చాలామంది ఇదే రిపీట్ చేసే మీట అనుకుంటారు. కాదు. ఇది మొదటి వరుసకు వేరే రూపం ఇస్తుంది, అంతే. ప్రతి పేజీలో రిపీట్ చేసేది లేఅవుట్ ట్యాబ్‌లోనిది. ‘టోటల్ రో’ కూడా అలాంటిదే, చివరి వరుసను ముద్దుగా చూపిస్తుంది కానీ కూడదు.

సొంత స్టైల్ కావాలంటే స్టైల్స్ గ్యాలరీ కింది బాణం నొక్కి ‘న్యూ టేబుల్ స్టైల్’ తెరవండి. ‘అప్లై ఫార్మాటింగ్ టు’ అన్నచోట హోల్ టేబుల్, హెడర్ రో, బ్యాండెడ్ రోస్ అని ఒక్కోదాన్ని ఎంచుకుని గీత మందం, రంగు పెట్టుకోవచ్చు. ముదురు రంగు వద్దు. జిరాక్స్ మీద జిరాక్స్ తీస్తూ పోయే కాగితం ఇది. లేత బూడిదే రెండో కాపీకి మచ్చలవుతుంది, ముదురు నీలం మీద అక్షరాలు అసలు కనిపించవు. జుమా వరుసలను వేరుగా చూపించాలంటే మాత్రం చేత్తో బోల్డ్ చేయక తప్పదు. అవి తారీఖును బట్టి వస్తాయి, స్టైల్‌కు ఆ సంగతి తెలియదు.

చేత్తో పెట్టిన రంగులు, సైజులు స్టైల్ కన్నా పైచేయిగా ఉంటాయి. అందుకే కొత్త స్టైల్ ఎంచుకున్నా కొన్ని గడులు మొండిగా పాత రూపంలోనే ఉండిపోతాయి. గ్యాలరీలో స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘అప్లై అండ్ క్లియర్ ఫార్మాటింగ్’ ఎంచుకుంటే అవన్నీ పోయి శుభ్రంగా వస్తుంది. జుమా బోల్డ్‌లు కూడా పోయే అవకాశం ఉంది, అందుకని ఆ పని చివర్లో చేసుకోండి.

టేబుల్ స్టైల్‌లో అక్షరం సైజు మార్చినా కొన్నిసార్లు మారదు. ఇది వర్డ్‌లోని పాత చిక్కు. ఫైల్లో ‘నార్మల్’ స్టైల్ సైజును ఎవరైనా ముందే మార్చి ఉంటే, అదే టేబుల్ స్టైల్‌ను తోసేస్తుంది. దీనికి నమ్మకమైన మందు, టేబుల్లోని రాతకు వేరే పేరా స్టైల్ తయారుచేసుకోవడం. ‘టేబుల్ మాట’ అని ఒకటి, ‘టేబుల్ హెడింగ్’ అని ఒకటి చాలు. ఫాంట్, సైజు, సున్నా ఖాళీ అన్నీ వాటిలో పెట్టండి. హెడింగ్ స్టైల్‌లోనే ‘కీప్ విత్ నెక్స్ట్’ టిక్ కూడా పెట్టేస్తే అష్రా వరుసలకు ఒక్కోదానికీ విడిగా పెట్టే పని తప్పుతుంది. గీతలు, రంగులు టేబుల్ స్టైల్‌కు, అక్షరాలు పేరా స్టైల్‌కు, ఇలా పని పంచితే ఒకదానితో ఒకటి కొట్లాడవు. తెలుగు ఫాంట్ పెట్టేటప్పుడు ఫాంట్ డైలాగ్‌లోని ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ భాగంలో కూడా పెట్టాలి. మామూలు ఫాంట్ పెట్టెలో మార్చితే అంకెలు, ఇంగ్లీషు మారి, తెలుగు అలాగే ఉండిపోవచ్చు.

రైటర్ ఈ విషయంలో కాస్త నయం. టేబుల్ వేయగానే గడుల్లోని రాతకు ‘టేబుల్ కంటెంట్స్’ అనే పేరా స్టైల్ తనే పెట్టేస్తుంది, హెడింగ్ వరుసకు ‘టేబుల్ హెడింగ్’ అనే పేరా స్టైల్ కూడా ఉంది. వాటిని ఒక్కసారి మార్చుకుంటే ఆ ఫైల్లోని టేబుళ్లన్నీ మారతాయి. రంగుల కోసం ‘టేబుల్’ మెనూలో ‘ఆటోఫార్మాట్ స్టైల్స్’ ఉన్నాయి.

షాపుకు పంపేటప్పుడు

వచ్చే ఏడాది మళ్లీ మొదటినుంచి చేయకుండా, టైములు ఖాళీ చేసిన ఫైలును టెంప్లేట్‌గా దాచుకోవచ్చు. ‘సేవ్ యాజ్’లో ‘వర్డ్ టెంప్లేట్’ ఎంచుకుంటే స్టైల్స్, హెడింగ్ రిపీట్, టిక్‌లన్నీ దానిలోనే ఉంటాయి. పోయినేటి ఫైలు మీదే టైములు మార్చుతూ పోతే ఎక్కడో ఒక పాత టైము మిగిలిపోతుంది. ఖాళీ గడి అయితే కంటికి పట్టుబడుతుంది.

వాట్సాప్‌లో, ప్రింటింగ్ షాపుకు పంపేది పీడీఎఫ్ అయి ఉండాలి. వర్డ్‌లో ‘సేవ్ యాజ్’ నుంచి, రైటర్‌లో ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ నుంచి పీడీఎఫ్ వస్తుంది. అందులో పేజీలు ఎక్కడ తెగాలో స్థిరపడిపోతుంది, ఫాంట్ కూడా వెంటే వెళుతుంది. అవతలివాళ్లు మార్పులు చేయాలి కాబట్టి వర్డ్ ఫైలే ఇవ్వాల్సి వస్తే, ఆప్షన్స్‌లోని ‘సేవ్’ కింద ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్’ టిక్ పెట్టి పంపండి. ప్రింటప్పుడు కాగితం సైజు కూడా చూసుకోవాలి. ఏ4 కోసం చేసినదాన్ని షాపులో లీగల్ కాగితం మీద తీస్తే కింద ఖాళీ మిగులుతుంది. లీగల్ కోసం చేసినదాన్ని ఏ4 మీద తీస్తే చివరి రోజాలు తెగిపోతాయి, లేదా అక్షరాలు చిన్నవైపోతాయి.

వందల పేర్ల లిస్టులు ఎక్సెల్‌లోనే చేసేవాళ్లకు దారి వేరు. ‘పేజ్ లేఅవుట్’లో ‘ప్రింట్ టైటిల్స్’ తెరిచి, ‘రోస్ టు రిపీట్ ఎట్ టాప్’ దగ్గర హెడింగ్ వరుసను చూపించాలి. స్కేల్‌లో వెడల్పుకు ఒక పేజీ పెట్టి, ఎత్తును ‘ఆటోమేటిక్’గా వదిలేయాలి. రెండిటికీ ఒకటి పెడితే 300 పేర్లూ ఒకే కాగితంలోకి ముడుచుకుని చీమల బారులా వస్తాయి. ‘పేజ్ బ్రేక్ ప్రివ్యూ’లో నీలం గీతలు ఎక్కడ పడ్డాయో చూసి, ఒక వీధి పేర్లు ఒకే పేజీలో ఉండేలా ఆ గీతను మౌస్‌తో పట్టుకుని జరపవచ్చు.